హైమవతి టీచర్ అంగీకారం

ఆ జిల్లాలో బ్రౌజర్ విధానం పుట్టడానికి కారణం ఒక పూల నైటీ.

రాష్ట్ర కార్యాలయం నుంచి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన, వేమగుంట ఉన్నత పాఠశాలలో కంప్యూటరు ముందు కూర్చుని గురుత్వాకర్షణ గురించి ఏదో చూడబోతే, పేజీ పక్కన నైటీల ప్రకటన వచ్చింది. మూడు కొంటే ఒకటి ఉచితం. అలాంటి ప్రకటన ఊరికే రాదని, అంతకు ముందు ఎవరో అలాంటివి వెతికి ఉంటారని ఆయన తేల్చారు. ఆ వారంలోనే డ్రిల్లు మాస్టారు సింహాద్రి గారి భార్య పుట్టినరోజన్న సంగతి తర్వాత బయటపడింది గాని, అప్పటికే ఫైలు కదిలింది. ఫైలు కదలడానికి కారణం కావాలి. కదిలాక కారణంతో పని లేదు.

నెల తిరక్కుండా జిల్లా విద్యా కార్యాలయంలో, పాత ప్రశ్నపత్రాలు పడేసే గదికి సున్నం వేయించి, ‘బ్రౌజర్ విధాన సమన్వయ విభాగం’ అని బోర్డు కట్టారు. సమన్వయాధికారిగా చిత్తరంజన్ గారు వచ్చారు. అంతకు ముందు ఆయన మరుగుదొడ్ల సమన్వయాధికారి. జిల్లాలోని బడి మరుగుదొడ్లన్నిటికీ తాళాలు వేయించి నూటికి నూరు శాతం శుభ్రత సాధించిన అనుభవం ఆయనది.

విధానం సులువైనదే. జిల్లాలోని మూడు వేల నాలుగు వందల పన్నెండు మంది ఉపాధ్యాయులు ఇకమీదట శాఖవారి బ్రౌజరులోంచి మాత్రమే ఇంటర్నెట్‌లోకి వెళ్ళాలి. అందులో ఏది తెరుచుకోవాలో, ఏది తెరుచుకోకూడదో ఆ సున్నం వేసిన గదిలోంచి నిర్ణయిస్తారు. మొదటి పేజీలో చిత్తరంజన్ గారు చేతులు జోడించి నిలబడి ఉంటారు. నిషిద్ధ పదాల జాబితా ఒకటి ఉంటుంది. పదకొండు వందల అరవై పదాలు. అందులోని మాట ఒక్కటి కనబడినా పేజీ మూసుకుపోయి, ‘ఈ పేజీ మీ వృత్తి గౌరవానికి తగదు’ అన్న వాక్యం వస్తుంది.

‘యుద్ధం’ జాబితాలో ఉన్నందువల్ల సాంఘికశాస్త్రం వాళ్ళకు చరిత్ర చాలావరకు ప్రశాంతంగా గడిచిపోయింది. ‘పాచికలు’ జూదం కింద పోవడంతో లెక్కల మాస్టార్లు సంభావ్యతను చింతగింజలతో చెప్పుకున్నారు. ‘రక్తం’, ‘గర్భం’ లాంటివన్నీ పోయాక జీవశాస్త్రంలో ఆకు ఒక్కటి మిగిలింది. ఏదైనా పేజీ తప్పనిసరిగా కావలసి వస్తే దరఖాస్తు నింపి అనుమతి కోరవచ్చు. ఆ దరఖాస్తు ఉన్న పేజీలో ‘నిషిద్ధం’ అన్న మాట ఉంది. ఆ మాట జాబితాలో కూడా ఉంది.

విధానాన్ని అమలు చేయడంలో జిల్లాలో మొదటి ర్యాంకు, కంప్యూటర్లను దొంగలు ఎత్తుకుపోయిన ఒక బడికి వచ్చింది. రెండోది కరెంటు లేని బడికి. మూడో ర్యాంకు కోసం నాలుగు బడులు మీటర్లు పీకించుకునే ఆలోచనలో ఉన్నాయని గిట్టనివాళ్ళు అన్నారు.

వేమగుంటలో తెలుగు చెప్పే పుండరీకం మాస్టారికి వీటితో పెద్ద ఇబ్బంది లేదు. తెలుగు పాఠానికి సుద్దముక్క చాలు. ఆయనకు ఇంటర్నెట్‌లో కావలసింది ఒక్కటే పేజీ.

ఆ పేజీ ఆయన భార్య హైమవతిది. అదే బడిలో పదమూడేళ్ళు జీవశాస్త్రం చెప్పింది. నిరుడు జబ్బు చేసి సెలవు పెట్టినప్పుడు, పదో తరగతి పిల్లలు నష్టపోకూడదని, ఇంట్లో గదిలో కూర్చుని పుస్తకమంతా నలభై ఒక్క పాఠాలుగా చెప్పి, రికార్డు చేసి, శాఖ ఇచ్చిన తన ఖాతాలో పెట్టింది. వంటింట్లో మాస్టారు గిన్నెలు తోమే చప్పుడు పాఠంలో పడకుండా తలుపు వేసుకునేది. అందువల్ల ఆయన ఒక్క పాఠమూ వినలేదు. జూన్ పదహారున, బడులు తెరిచిన నాలుగో రోజున ఆమె పోయింది. మొదటి నెల ఆయనకు వినే ధైర్యం చాలలేదు. ధైర్యం వచ్చేసరికి విధానం వచ్చింది.

ఆ పేజీ శాఖవారి బ్రౌజరులో తప్ప మరెక్కడా తెరుచుకోదు. తన ఖాతాలోంచి వెళ్తే, రెండో పాఠం పేరు ‘రక్త ప్రసరణ’ కనుక, అది ఆయన వృత్తి గౌరవానికి తగదని మూసుకుపోయింది. ఆమె ఖాతాలోంచి వెళ్దామంటే, ‘ముందుగా విధానాన్ని అంగీకరించండి, కెమెరా వైపు చూడండి’ అని ఆగిపోయింది. దాని కింద ఎర్ర అక్షరాలున్నాయి. సెప్టెంబరు ముప్పై సాయంత్రంలోగా అంగీకరించని ఖాతాలు, అందులోని సమస్తంతో సహా, తొలగించబడతాయి.

ఆగస్టులో ఒకరోజు హెడ్మాస్టరు దేవసహాయం గారు ఆయన్ను గదికి పిలిచారు.

“కూర్చోండి పుండరీకం గారూ. ఎలా చెప్పాలో తెలీడం లేదు. మన బడి తొంభై నాలుగు పాయింటు ఒకటి ఒకటి దగ్గర ఆగిపోయిందండి.”

“ఎందులో?”

“అంగీకారంలో. పదిహేడు మందికి పదహారు మందే. పదిహేడో పేరు…” ఆయన బల్ల మీది కాగితాన్ని కొద్దిగా ఇటు జరిపారు. “జీతాల సెక్షన్‌కి తెలుసండి. జూన్ పదిహేడు పొద్దున్నే జీతం ఆపేశారు, వాళ్ళు చాలా చురుగ్గా ఉంటారు. ఈ సెక్షన్‌కే తెలీదు. మూడుసార్లు రాశాను. దానికి జవాబు ఇది.”

పుండరీకం మాస్టారు చదివారు. ‘సదరు హైమవతి, స్కూల్ అసిస్టెంట్, పలుమార్లు గుర్తు చేసినప్పటికిని విధానమును అంగీకరింపక ఉద్దేశపూర్వకముగా మౌనము వహించుచున్నందున, ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను. లేనియెడల ఆమెకు చెప్పుకొనునది ఏమియు లేదని భావింపబడును.’

ఆయన రెండోసారి కూడా చదివారు. పిల్లల కాగితాలు దిద్దీ దిద్దీ అలవాటు.

“ఆఖరి వాక్యం సరిగ్గానే రాశారండి,” అన్నారు.

మర్నాడు సింహాద్రి మాస్టారు ఒక ఉపాయంతో వచ్చారు. జిల్లాకు ఈ విధానం తన ఇంట్లోంచే పట్టుకుందన్న బాధ ఆయనకు ఉంది. “నా మూలాన్నే కదండీ ఇదంతా. అదేమో ముఖం చూపించమంటోంది. మేడమ్ ఫొటో చూపిస్తే సరిపోద్ది. దానికి మాత్రం ఏం తెలుసండీ?”

పుండరీకం మాస్టారు ఇంట్లో గోడ మీది ఫొటోకు దండ తీసి, న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చారు. కంప్యూటరు గది తలుపు దగ్గరకు వేసి, సింహాద్రి మాస్టారు ఫొటోను కెమెరాకు ఎదురుగా పట్టుకున్నారు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ‘మీ ముఖం స్పష్టంగా ఉంది. స్వాగతం హైమవతి గారూ. ఇప్పుడు ఒకసారి కళ్ళు ఆర్పండి.’

ఇద్దరూ కాసేపు చూశారు.

‘దయచేసి కళ్ళు ఆర్పండి.’

“కొంచెం ఊపి చూడమంటారా?” అన్నారు సింహాద్రి మాస్టారు, గొంతు తగ్గించి.

“వద్దులెండి.”

‘మీరు సహకరించడం లేదు’ అని తెర ఆరిపోయింది. పుండరీకం మాస్టారు ఫొటో అద్దాన్ని కండువా చెంగుతో తుడిచి, మళ్ళీ పేపర్లో చుట్టుకున్నారు.

ఆ శనివారం మరణ ధ్రువపత్రం పట్టుకుని జిల్లా కార్యాలయానికి వెళ్ళారు. సున్నం వేసిన గదిలో చిత్తరంజన్ గారు పెద్ద బల్ల ముందు, కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు మస్తాన్‌వలి చిన్న బల్ల ముందు కూర్చున్నారు. కంప్యూటరు చిన్న బల్ల మీదే ఉంది.

చిత్తరంజన్ గారు అంతా ఓపిగ్గా విన్నారు. “చూడండి మాస్టారూ, మీ బాధ నాకు వ్యక్తిగతంగా అర్థమైంది. పాలనాపరంగా అర్థం కావాలంటే దానికో కేటగిరీ ఉండాలి. సేవలో ఉన్నవారు, సెలవులో ఉన్నవారు, డెప్యుటేషన్, సస్పెన్షన్, పదవీ విరమణ. ఈ ఐదే. వలీ, ఆరోది ఏమైనా ఉందా?”

“లేదండి.”

“పోనీ సస్పెన్షన్‌లో పెడదామా? అందులో వెసులుబాటు ఉంటుంది.”

“ఏ తప్పు మీదండి?”

“అది తర్వాత చూసుకోవచ్చు.”

పుండరీకం మాస్టారు ధ్రువపత్రాన్ని ముందుకు జరిపారు. చిత్తరంజన్ గారు దాన్ని ముట్టుకోలేదు. “ఇది కాగితం. మాది కాగితరహిత విభాగం. ఆన్‌లైన్లో పెట్టాలి.”

“అది కుదరదు సార్,” అన్నాడు వలి. “ఆవిడ లాగిన్‌లోంచే పెట్టాలి. పైగా ‘మరణం’ జాబితాలో ఉంది.”

“మరణం ఎందుకు నిషిద్ధమైందండీ?” అని అడిగారు మాస్టారు.

“ఉపాధ్యాయుల మనోస్థైర్యం కోసం,” అన్నారు చిత్తరంజన్ గారు. “ఆరు వందల పన్నెండో మాట. నేనే చేర్చాను.”

“అయితే ఖాతా తీసేసుకోండి. మీ శాతం మీకు వస్తుంది. ఆ పాఠాలు నలభై ఒక్కటీ మాత్రం నాకు కాపీ ఇప్పించండి.”

“వ్యక్తిగత గోప్యత అని ఒకటుంది మాస్టారూ. ఆవిడ సమాచారం ఇంకొకరికి ఎలా ఇస్తాం? ఆవిడను వచ్చి అడగమనండి, ఈ క్షణంలో ఇచ్చేస్తాను.”

మాస్టారు లేచి నమస్కారం పెట్టి బయటికి వచ్చారు. వెనకాలే టీ కోసమన్నట్టు వలి వచ్చి, వరండా చివర నిలబడ్డాడు.

“మాస్టారూ, ఒక్క మాట. ఎవరైనా అంగీకరించాకనే వాళ్ళ ఖాతాకి ఈ విధానం అంటుకుంటుందండి. మేడమ్ గారిది ఇంకా పాతలాగే ఉంది. మొదటి పేజీ ఆవిడ పాఠాలే. ఏదీ మూసుకోదు, ఎవరూ కనిపెట్టి చూడరు. జిల్లా మొత్తం మీద అలాంటిది అదొక్కటేనండి, మిగతా వాళ్ళంతా ఒప్పేసుకున్నారు. తీసే మనిషి లేకపోయింది గానీ, తలుపు తెరిచే ఉంది.”

ఇంటికి వెళ్ళి మాస్టారు సంజాయిషీ రాశారు. నాలుగు చిత్తుప్రతులు రాసి, ప్రతిసారీ కొన్ని మాటలు కొట్టేస్తే చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. ‘నా భార్య హైమవతి జూన్ పదహారున మరణించినందువల్ల విధానాన్ని అంగీకరించలేకపోయింది. జరిగిన ఆలస్యానికి విచారిస్తున్నాను.’

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. ‘సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. మరణించుటకు ముందస్తు అనుమతి పొందినట్లు ఆధారము జతపరచలేదు.’ నిబంధన ప్రకారం దాన్ని బడి నోటీసు బోర్డుకు అంటించారు. పిల్లలు చదివారు.

“హైమవతి టీచర్ మీద యాక్షన్ తీసుకుంటారా సార్?” అని పదో తరగతి సునంద అడిగింది.

“ప్రయత్నిస్తున్నారమ్మా,” అన్నారు మాస్టారు.

సెప్టెంబరు మూడో వారంలో రాష్ట్ర కార్యాలయం నుంచి కొత్త ప్రశ్న వచ్చింది. అందరూ అంగీకరించారు సరే, ఎంతమంది పాటిస్తున్నారు? నిషిద్ధ పేజీ తెరవబోయిన ప్రతిసారీ ఒక ఉల్లంఘన. జిల్లాలో అలాంటివి ఎనభై ఆరు వేలు తేలాయి. అందులో రెండు వందల పద్నాలుగు చిత్తరంజన్ గారివే. జాబితాలో కొత్త మాట చేర్చడానికి జాబితా తెరిచినప్పుడల్లా ఒకటి పడింది. నీతిశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చే ఒక హెడ్మాస్టరుకు తొమ్మిది వందలు దాటాయి. ఆ సంఖ్య ఎలా వచ్చిందో చెప్పడానికి ఆయన సెలవు పెట్టారు.

ఇరవై నాలుగో తేదీన మాస్టారికి ఫోను వచ్చింది. తక్షణం బయలుదేరి రావాలి. ఖాతా తీసేశారేమో అనుకుంటూ ఆయన బస్సులో గంటన్నర కూర్చున్నారు.

గదిలో అడుగు పెట్టగానే చిత్తరంజన్ గారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం మస్తాన్‌వలి కూడా అదే మొదటిసారి చూడటం.

“రండి మాస్టారూ, రండి. జిల్లా పరువు నిలబెట్టింది ఆవిడొక్కరేనండీ. విధానం వచ్చిన దగ్గర్నుంచి సున్నా ఉల్లంఘనలు. ఒక్క నిషిద్ధ పదం వెతకలేదు. పని వేళల్లో ఒక్కసారి క్రికెట్ స్కోరు చూడలేదు. ఏమిటండీ ఆ నిగ్రహం?”

“పోయిందండి,” అన్నారు మాస్టారు.

“అదే నేనూ అంటున్నాను. ఎంత నిష్ఠ ఉండాలి!”

“అంగీకరించలేదు గదండీ మరి?”

“అంగీకారం ముఖంలో కాదు మాస్టారూ, నడవడిలో ఉండాలి. ఆవిణ్ణి జిల్లా ఆదర్శ వినియోగదారుగా ప్రకటిస్తున్నాం. శనివారం సభ. అంతే కాదు. అందరూ ఆవిడలాగే నడుచుకునేట్టు, ఆవిడ ఖాతాలో ఉన్న సెట్టింగులనే జిల్లా మొత్తానికి పెడుతున్నాం.”

చిన్న బల్ల దగ్గర వలి గొంతు సవరించుకున్నాడు. “సార్, మేడమ్ గారి ఖాతాకి మన విధానం ఇంకా చేరనే లేదండి. ఆవిడది అందరికీ పెట్టేస్తే…”

“అందరూ ఆవిడలా అవుతారు.”

“అవుతారండి. కానీ…”

“వలీ, నువ్వు కాంట్రాక్టు. విధానపరమైన నిర్ణయాల్లో కాంట్రాక్టు వాళ్ళు తల దూర్చకూడదు.”

వలి కుర్చీని కంప్యూటరు వైపు తిప్పుకున్నాడు. “సరే సార్. రాసివ్వండి, చేసేస్తాను.”

చిత్తరంజన్ గారు ఆకుపచ్చ సిరాతో రాసి, సంతకం పెట్టబోతూ ఆగారు. “మాస్టారూ, మీరు తెలుగు పండితులు. భాష ఒకసారి చూసిపెట్టండి. రాష్ట్ర కార్యాలయానికి కూడా కాపీ వెళ్తుంది.”

పుండరీకం మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ‘శ్రీమతి హైమవతి గారి ఖాతాలో, ఏది ఎట్లున్నదో అది అట్లే, ఎట్టి మార్పును లేకుండ, జిల్లాలోని వినియోగదారులందరికిని వర్తింపజేయవలెను.’

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఏ వాక్యాన్నీ అంతసేపు చూడలేదు. వరండా చివర విన్నదంతా గుర్తుంది. చిన్న బల్ల వైపు చూడలేదు.

“మొదటి కామా అక్కర్లేదండి,” అని ఆ ఒక్కటీ కొట్టేశారు. “మిగతాదంతా చాలా బాగుంది.”

శనివారం సభ ఘనంగా జరిగింది. వేదిక మీద కుర్చీలో హైమవతి ఫొటో పెట్టి శాలువా కప్పారు. వినియోగదారు అంటే ఎలా ఉండాలో చూసి నేర్చుకోమని చిత్తరంజన్ గారు మూడు వేల మందికి అరగంట చెప్పి, బంతిపూలు చుట్టిన ల్యాప్‌టాప్ మీద ఒక మీట నొక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారిని రెండు మాటలు చెప్పమన్నారు.

ఆయన మైకు దగ్గరకు వచ్చి, “ఆవిడ ఎప్పుడూ ఇంత నిశ్శబ్దంగా ఉండేది కాదండి,” అని వెళ్ళి కూర్చున్నారు. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

సోమవారం ముప్పయ్యో తేదీ. పొద్దున తొమ్మిదిన్నరకు జిల్లాలో బడి కంప్యూటర్లు తెరిచినవాళ్ళకు చేతులు జోడించిన చిత్తరంజన్ గారు కనబడలేదు. ఆయన చోట పదో తరగతి జీవశాస్త్రం, నలభై ఒక్క పాఠాలు, వరసగా ఉన్నాయి. ముఖాలు చూపించడం అందరూ ఎప్పుడో చేసేశారు కనుక అది మళ్ళీ ఎవరినీ ఏమీ అడగలేదు. పదకొండు గంటలకల్లా సాంఘికశాస్త్రం వాళ్ళకు యుద్ధాలు మళ్ళీ మొదలయ్యాయి. సింహాద్రి మాస్టారు రిబ్బనుతో ఉన్న నైటీ ఒకటి చూసి, ఎందుకైనా మంచిదని పేజీ మూసేశారు.

కనిపెట్టి చూసే ఏర్పాటు కూడా విధానంలోని భాగమే కనుక దాంతో పాటే పోయింది. సాయంత్రానికి ఉల్లంఘనల పట్టికలో జిల్లా మొత్తానికి సున్నా అని వచ్చింది. చిత్తరంజన్ గారు ఆ సున్నాను రాష్ట్ర కార్యాలయానికి పంపారు. మొదటి పేజీ గురించి ఎవరో అడిగితే, ఆదర్శ వినియోగదారు పాఠాలు అందరి కళ్ళముందూ ఉండాలన్నది తన ఆలోచనేనని చెప్పారు. ఆ తర్వాత ఆయనకు ఫిర్యాదుల పెట్టెల సమన్వయం అప్పగించారు. తాళాల కోసం టెండరు పిలిచారని విన్నాం.

ఆ సోమవారం వేమగుంటలో మూడో పీరియడు పదో తరగతికి తెలుగు. పుండరీకం మాస్టారు పిల్లల్ని కంప్యూటరు గదికి తీసుకువెళ్ళారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన వెనక బెంచీ చివర, గోడ పక్కన కూర్చుని, సునందను మొదటి పాఠం నొక్కమన్నారు.

కాసేపు బరబర శబ్దం. కుర్చీ జరిగిన చప్పుడు. పుస్తకం తెరిచిన చప్పుడు. ఆ వెనక, దూరంగా, స్టీలు గిన్నె ఒకటి కిందపడి గిరగిరా తిరిగి ఆగింది.

“ఏవండీ, కాస్త మెల్లగా తోమండి, పాఠం మొదలెట్టాను,” అంది హైమవతి.

పిల్లలు నవ్వబోయి ఆపుకున్నారు. ఎవరూ వెనక్కి చూడలేదు.

“ఆఁ. అందరూ కూర్చున్నారా? వెనక బెంచీ వాళ్ళకు వినబడుతోందా?”

“వినబడుతోంది,” అన్నారు పుండరీకం మాస్టారు.

అప్పుడు పిల్లలందరూ వెనక్కి తిరిగారు. చెయ్యెత్తకుండా జవాబు చెప్పకూడదని వాళ్ళకు నేర్పింది ఆయనే.